కవాటముగల యంత్రమా, కవాటములేని యంత్రమా?

మొదటి వక్త: లేని భాగము చెడదు, నా వాదమంతయు ఈ యొక్క మాటలో నిమిడియున్నది. బస్తరుసీమలో జగదల్‌పురమును దాటి, చిత్రకోటు కడ జలపాతమై దుమికి, బార్సూరు మీదుగా పడమరకు సాగి భద్రకాళి యొద్ద గోదావరిలో గలియు ఇంద్రావతిమీదను, సుక్మా, కొంటా ప్రాంతముల నొరసికొనుచు దిగివచ్చి కూనవరము కడ ఆ గోదావరినే చేరు శబరిమీదను, వరదరక్షణకై దింపు గాలిపడవల వెనుక బిగించు అవుట్‌బోర్డు మోటారు, సంవత్సరములో అధికభాగము గిడ్డంగిలో ఊరక పడియుండి, వానకాలమున ఏ అర్ధరాత్రమో హఠాత్తుగా పిలువబడి, తాడు లాగినంతనే మేల్కొని, నిండువేగముతో ప్రవాహమున కెదురు పోవలసియున్నది. ఇట్టి పనికి ఫోర్‌స్ట్రోకు మోటారు నెన్నుకొనుటయన, నిమిషమునకు 6000 చుట్లు తిరుగునపుడు సెకనునకు 50 మారులు తెరచుకొని మూసికొను కవాటములను, వానిని మూయు స్ప్రింగులను, స్ప్రింగును పట్టియుంచు వాల్వులాకులను, రాకర్లను, ట్యాపెట్లను, క్యాంషాఫ్టును, దానిని త్రిప్పు పట్టీని లేక గొలుసును, వీని నన్నిటిని ఏకకాలమున నమ్ముటయే గదా! వీనిలో బొటనవ్రేలి పరిమాణముగల యొక్క స్ప్రింగు విరిగినను, కవాటశిరస్సు సిలిండరులో జారిపడి పిస్టనును పగులగొట్టవచ్చును. టూస్ట్రోకు మోటారులో ఆ స్ప్రింగే లేదు. పిస్టను పైకిని క్రిందికిని కదలుటలోనే సిలిండరుగోడలోని ద్వారములు తెరువబడుచు మూయబడుచు నుండును.

రెండవ వక్త: మీ లెక్కలో తప్పులేదు, కాని భాగముల సంఖ్యనుబట్టి విశ్వాసమును తూచుట యందే నాకు మీతో పేచీ. కవాటము చెడుటకు కారణములు తెలిసినవి, కొలువదగినవి, ముందుగా చాటింపు వేసికొనివచ్చునవి. ట్యాపెట్టు సందు పెరిగినచో తలపైనుండి టకటక శబ్దము వినవచ్చును. సందు తగ్గినచో కవాటము పూర్తిగా కూర్చుండక కంప్రెషను పడిపోయి, మోటారు తెల్లవారుజామున మొండికెత్తును. సందు కొలుచు ఫీలరుగేజి పట్టిన మెకానిక్కునకు ఆ రెండును అరగంటలో తెలియును. మీ టూస్ట్రోకు మోటారు చెడునపుడు మాత్రము చెప్పి చెడదు. దానికి నూనెతొట్టి లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే దాని ప్రాణము. 50 లీటర్ల పెట్రోలునకు ఒక లీటరు నూనె యని పుస్తకమున నున్నది. ఆ కలుపుట యెవరు చేయుదురు? రెండు రాత్రులు నిద్రలేని జవాను, వానలో, టార్చిలైటు వెలుగున, ప్లాస్టిక్కు క్యానులో. అతడు నూనె మరచినచో, నిండువేగమున పోవు మోటారు కొద్ది నిమిషములలోనే పిస్టను సిలిండరునకు పట్టుకొని బిగిసిపోవును. నడియేటిలో బిగిసిన పిస్టనునకు వైద్యము లేదు.

మొదటి వక్త: అది నిజమే, కాదనను. నూనెకు వేరుతొట్టియు, దానిని తానుగా కలుపుకొను పంపును గల టూస్ట్రోకు మోటార్లు వచ్చినవనుట సమాధానమే కాని, ఆ పంపును చెడవచ్చునని మీరందురు. కావున ఆ మాట విడిచెదను. అయితే పడవలో కవాటమునకు కలుగు కష్టము మోటారుబండిలో కలుగు కష్టము వంటిది కాదని మీరు గ్రహింపవలెను. బండి చదునుబాటపై పోవునపుడు తన శక్తిలో స్వల్పభాగమునే వాడుకొని, పల్లమున ఊపిరి తీసికొనును. పడవకు పల్లము లేదు. ప్రొపెల్లరు మ్రింగు శక్తి దాని వేగముయొక్క ఘనమునుబట్టి పెరుగును గనుక, నిండుగా తెరచిన మోటారు గంటలకొలది తన బలమునంతయు ధారపోయుచునే యుండును; ఎగ్జాస్టు కవాటము ఎఱ్ఱగా కాలుచునే యుండును. ఇంతలో వరదనీట కొట్టుకొనివచ్చు మానొకటి అడ్డమై, పడవ పైకెగిరి ప్రొపెల్లరు నీటిని విడిచి గాలిలో తిరిగినచో, బరువు తొలగిన యంత్రము ఒక్కసారిగా రెచ్చిపోవును. కవాటముయొక్క జడత్వబలము వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. స్ప్రింగుబలము మాత్రము పెరుగదు. ఒక మేర దాటినంతట కవాటము క్యాము వెంట రాక తేలిపోవును; మూసికొనవలసిన సమయమున తెరచియున్న కవాటమును పైకి వచ్చు పిస్టను తాకును. వేగపు పోటీల పడవలలో ప్రతి పందెము తరువాత స్ప్రింగుల బలము కొలిచి, తగ్గినవానిని పారవేయుట ఊరక గలిగిన ఆచారము కాదు.

రెండవ వక్త: మీరు చెప్పిన ఆ తేలుట యథార్థమైన ప్రమాదము. స్ప్రింగు తన సహజకంపనమున తానే వణకి బలము కోల్పోవుట దానికి తోడగు రెండవ ప్రమాదము. దీనికై ఒకదానిలో నొకటిగా భిన్నకంపనములు గల రెండు స్ప్రింగులు పెట్టిరి; క్రింద వెడల్పై పైకి సన్నగిలు స్ప్రింగులు చేసిరి; 1986లో రెనో సంస్థవారు తమ పందెపుకార్లలో ఉక్కుస్ప్రింగును తీసివేసి ఒత్తిడివాయువుచేతనే కవాటమును మూయించిరి. ఎగ్జాస్టు కవాటపు కాడను బోలుగా చేసి సగమువరకు సోడియము నింపినచో, 98 డిగ్రీలకే కరగు ఆ లోహము లోపల పైకిని క్రిందికిని ఊగుచు శిరస్సులోని వేడిమిని కాడకు చేరవేయును. విమానయంత్రములలో ఇది శతాబ్దముగా నున్న విద్య. కాని ఇవన్నియు వందల అశ్వశక్తి గల పందెపుపడవల చింతలు. ఇంద్రావతిమీద దింపు మోటార్లు సాధారణముగా 25, 40 అశ్వశక్తులవి. వానికి వేగము మీరకుండ ఇగ్నిషనును కత్తిరించు ఏర్పాటు కలదు. పైగా వరదరక్షణలో పడవ పరుగెత్తునది కొంతసేపే. ఇంటికప్పులకు చేరువగా, చెట్లకొమ్మల నడుమ, విద్యుత్తుతీగెలను తప్పించుకొనుచు, మనుష్యుల నొక్కరొక్కరిగా దింపుకొనునప్పుడు అది గంటలకొలది నెమ్మదిగా తిరుగుచుండవలెను. ఆ మందగతిలో టూస్ట్రోకు మోటారు నూనెపొగ క్రక్కి, స్పార్కుప్లగ్గు మసిపట్టి ఆగిపోవుట మీకు తెలియనిది కాదు.

మొదటి వక్త: తెలియును. ప్లగ్గు మార్చుటకు రెండు నిమిషములు చాలునని మాత్రము జ్ఞాపకము చేసెదను. విరిగిన కవాటమును నడియేటిలో మార్చిన మానవుడు లేడు.

రెండవ వక్త: సరి, ఇక పెట్రోలు సంగతి. 2022 జూలైలో భద్రాచలము కడ గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, ఆ యెదురుపోటున శబరి వెనుకకు పొంగి కొంటా పట్టణమును ముంచినది. జగదల్‌పురమునుండి విజయవాడవైపు దిగు 30వ జాతీయరహదారి నీట మునిగి తెగిపోయినది. అట్టి తావున పెట్రోలు చేతనున్నంతయే. మరల వచ్చు దారి లేదు. కార్బురేటరు గల టూస్ట్రోకు మోటారులో, పాతపొగను వెడలగొట్టుటకు కొత్తమిశ్రమమునే ఉపయోగించుటవలన, పోసిన పెట్రోలులో నాలుగవవంతు దాక మండకయే ఎగ్జాస్టులో బయటికి పోవును. నాలుగు మార్లు పోయి రావలసిన పడవ మూడు మార్లకే ఆగునన్నమాట. నాలుగవమారు ఎవరి కొరకు పోవలసియుండెనో వారి దృష్టితో చూచినచో, కవాటము విరిగి ఆగిన పడవకును, పెట్రోలు లేక ఆగిన పడవకును భేదమేమి? కవాటము ఉన్నది ఆ నాలుగవవంతును కాపాడుటకే. దానిని కేవలము చెడిపోవు భాగముగ చూచుట, కావలివానిని కేవలము జీతము తినువానిగ చూచుటవంటిది.

మొదటి వక్త: ఈ వాదమునకు నేను తల వంచవలసినదే, కొంటావంటి తావున పెట్రోలు పొదుపు విశ్వసనీయతలో భాగమేయని యొప్పుకొనుచున్నాను. కాని ఆ నాలుగవవంతును కాపాడుటకు కవాటమే గతి యనుట పొరపాటు. ద్వారములు మూసికొన్న పిమ్మట పెట్రోలును నేరుగా సిలిండరులోనికి చిమ్ము పద్ధతి వచ్చినది. ఎవిన్‌రూడ్ మోటార్లు ఆ విధముననే చాలకాలము పనిచేసినవి. కవాటము లేకయే పొదుపును, శుభ్రతను సాధించినవి.

రెండవ వక్త: ఆ మోటార్ల తయారీ 2020లో నిలిచిపోయినదని కూడ చెప్పుడు. తయారీ నిలిచిన యంత్రమును బస్తరుగిడ్డంగిలో పెట్టుకొనుమని మీరు సలహా యీయగలరా?

మొదటి వక్త: ఈయజాలను. అయితే అంగడి యిచ్చిన తీర్పు యంత్రశాస్త్రపు తీర్పు కాదు. 1950ల ప్రాంతమున బ్రిటనులోని నేపియర్ సంస్థ చేసిన డెల్టిక్ డీజిలుయంత్రమును చూడుడు: 18 సిలిండర్లు, ఒక్కొక్కదానిలో ఎదురెదురుగా రెండు పిస్టన్లు, ఒక్క కవాటమైన లేదు. డార్క్ తరగతి గస్తీపడవలను, నార్వేవారి నాస్టీ తరగతి పడవలను 40 నాట్ల ప్రాంతపు వేగముతో పరుగెత్తించినది అదియే. అతివేగపు పడవకు కవాటము తప్పనిసరి యనుమాట అప్పుడే చెల్లిపోయినది.

రెండవ వక్త: మంచి ఉదాహరణము తెచ్చితిరి, కాని దానిలోనికి తొంగిచూడుడు. కవాటములు పోయినచోట మూడు క్రాంకుషాఫ్టులు వచ్చినవి. ఆ మూడింటిని ఏకతాళమున నడపుటకు పెద్ద పండ్లచక్రముల పేటిక వచ్చినది. చెడినప్పుడు ఓడలోనే విప్పి బాగుచేయుట కష్టమై, యంత్రమునకు యంత్రమునే మార్చి పాతదానిని కర్మాగారమునకు పంపు పద్ధతి వచ్చినది. క్లిష్టత యొకచోట తగ్గించినచో మరియొకచోట తలయెత్తుననుటకు ఇంతకంటె సాక్ష్యము నేను వెదకియు తేలేను. ఇంకొకటి: రెండవ ప్రపంచయుద్ధమున సైనికులను దింపు హిగ్గిన్స్ పడవలను తీరములకు చేర్చిన 225 అశ్వశక్తుల గ్రే మెరైన్ డీజిలు టూస్ట్రోకుదే, అయినను దానికి క్యాముచే నడుపబడు ఎగ్జాస్టు కవాటములున్నవి. తూటాల నడుమ ఇసుకలోనికి పడవను నడుపవలసినవారు కవాటమును నమ్మిరి. మీ చిన్న అవుట్‌బోర్డులో మాత్రము కవాటము నిజముగ లేదా? గాలి లోనికి పోవుదారిలో నున్న రీడ్లు ఏమిటి? అవి పలుచని రేకుల కవాటములే; అంచు చిట్లినచో ఆ తునక లోపలికే పోవును.

మొదటి వక్త: రీడ్ల మాట నిజము, అయితే వానికి స్ప్రింగు లేదు, క్యాము లేదు, కాలమును సరిపెట్టు పని లేదు. అంచు చిట్లినను మోటారు మందగించును కాని సాధారణముగ పగిలిపోదు. ఇక నా ముఖ్యమైన శంకకు వచ్చెదను, ఇంతవరకు మనము నడచుచున్న యంత్రమునుగూర్చియే మాటలాడితిమి గనుక. బస్తరులోని మోటారుకు పరీక్ష నడచుట కాదు, నడవకుండుట. అక్టోబరునుండి జూనువరకు కదలని ఫోర్‌స్ట్రోకు మోటారులో, క్రాంకు ఆగినచోటునుబట్టి, ఏదో యొక సిలిండరున ఒక కవాటము తెరచుకొనియే యుండును. ఆ తెరపిద్వారమున తడిగాలి జొరబడి కవాటపీఠముమీద తుప్పు నెక్కించును. కవాటపుకాడ దాని గొట్టములో జిగురుపట్టి బిగియును. క్యాముమీది నూనెపొర జారి తొట్టిలోనికి దిగిపోవును. చలిలో తరచుగా కొద్దిసేపు మాత్రము నడిపి ఆపినచో పెట్రోలు నూనెలోనికి దిగి దానిని పలుచన చేయును. ఇన్ని నెలల నిద్రవెంటనే మొదటి లాగుటలో పొడిబారిన క్యాము పొడిబారిన ట్యాపెట్టుమీద ఒరసికొనును. బిగిసిన కవాటము మూసికొనక పిస్టనుదెబ్బ తినును. ఇదంతయు జరుగునది, గట్టున జనము ఎదురుచూచుచుండగా.

రెండవ వక్త: మీరు చెప్పినవానిలో ఒక్కదానినైనను తోసిపుచ్చను. అయితే ఆ తడిగాలి మీ మోటారును విడిచిపెట్టునా? నూనెతొట్టి లేని క్రాంకుపెట్టెలో, క్రాంకును మోయు రోలరు బేరింగులమీద నుండునది చివరిసారి పెట్రోలుతో వచ్చిన నూనెచెమ్మ మాత్రమే. అది ఆరినచో అవి తుప్పుపట్టును. తుప్పుపట్టిన బేరింగు నిండువేగమున పగిలి ముక్కలగును. కార్బురేటరులో మిగిలిన పెట్రోలు జిగురుగ మారుట రెండింటికిని సమానమే. నిల్వచేయుటకు ముందు ఫాగింగు నూనెను లోపలికి చిమ్మి, పెట్రోలును వంచి, పది పదునైదు దినములకొకమారు క్రాంకును చేతితో త్రిప్పవలెను. ఇది రెండింటికిని విధియే. నిజము చెప్పవలెనన్న, పడవమోటార్లను అన్నిటికంటె తరచుగా ఆపునవి కవాటములును కావు, బేరింగులును కావు: వరదబురదచే అరిగిన నీటిపంపు రబ్బరుచక్రము, నీరు కలిసిన పెట్రోలు, చచ్చిన బ్యాటరీ. బురద మూసిన నీటిదారివలన వేడెక్కిన మోటారులో నా కవాటము కాలును, మీ పిస్టను పట్టుకొనును. ఆ చిన్న రబ్బరుచక్రమును వేసవిలోనే మార్చియుంచినవాడు మన యిద్దరి వాదములకంటె ఎక్కువమందిని ఒడ్డుచేర్చును.

మొదటి వక్త: అక్కడ మనము ఏకీభవించితిమి. మిగిలినది, ఆ పని ఎవరి చేతికి అలవాటు అనుట. టూస్ట్రోకు మోటారు తల విప్పుటకు ఒక స్పానరుసెట్టు చాలును. పల్లెటూరి కుఱ్ఱవాడును విప్పి పిస్టనురింగు మార్చగలడు. మీ దానికి ట్యాపెట్లు సరిపెట్టవలెను, క్యాము గుర్తులు కలుపవలెను; ఒక్క పన్ను తప్పినచో కవాటము వంగవచ్చును. జిల్లా నగరసేన (హోంగార్డుల దళము) పడవకై జగదల్‌పురమునుండియో, మఱి దూరమునుండియో మెకానిక్కును రప్పించువేళకు వరద తీసియుండును.

రెండవ వక్త: ముప్పది యేండ్ల క్రిందట ఈ మాటకు నాయొద్ద జవాబుండెడిది కాదు. అప్పటి మెకానిక్కులు చేతక్, రాజ్‌దూతు, ఆర్‌ఎక్స్ 100 బండ్లమీద పెరిగిరి. టూస్ట్రోకు వారి మాతృభాష. నేడు సుక్మాలోనైనను, బీజాపురములోనైనను, భోపాల్‌పట్నములోనైనను అంగడివీథిన నిలిచి చూడుడు. స్ప్లెండరు మొదలుగ తిరుగునవన్నియు ఫోర్‌స్ట్రోకు బండ్లే. అక్కడి కుఱ్ఱవాడు దినమునకు పలుమార్లు ట్యాపెట్టు సరిపెట్టుచున్నాడు, వాల్వులు గ్రైండు చేయుచున్నాడు, శబ్దము వినియే సందు చెప్పుచున్నాడు. సిలిండరుద్వారముల అంచున రింగు తట్టుకొని విరుగుటయన నేమో అతడు కన్నెరుగడు. మీ సులభయంత్రము ఎవరికి సులభమో ఆ తరము వెళ్లిపోవుచున్నది.

మొదటి వక్త: ఇది నేనాలోచింపని మాట, బలమైనది. అయితే ఆ కుఱ్ఱవానికి తెలిసిన ట్యాపెట్టు మరచీల త్రిప్పి సరిపెట్టునది. చిన్న అవుట్‌బోర్డులలో అట్లే యుండును గనుక అంతవరకు ఒప్పుకొందును. పెద్దవానిలో తలమీద రెండేసి క్యాములుండి, సందును సరిపెట్టుటకు వేరువేరు మందముల షిమ్ములు కావలసియున్నచో, ఆ షిమ్ములపెట్టె కొంటాలో దొరకదు. కావున మీ వాదము ఒక పరిమాణమువరకే చెల్లును.

రెండవ వక్త: చెల్లునంతవరకే చాలును, పెద్దవానిని నేనడుగుటలేదు. ఇక నీటిమాట. 1964లో హోండావారు తమ తొలి అవుట్‌బోర్డును ఫోర్‌స్ట్రోకుగనే వెలువరించిరి. నీటిపై తిరుగు యంత్రము నీటిని చెరుపరాదను పట్టుదల వారిది. అమెరికాలో 1998నుండి 2006వరకు క్రమముగ బిగించిన ఉద్గారనియమములు కార్బురేటరు టూస్ట్రోకులను అంగడినుండి తప్పించినవి. మండని పెట్రోలును, నూనెను మనము వదలునది, దరిపల్లెలవారు కడవలతో ముంచుకొని త్రాగు ఇంద్రావతిలోనికి.

మొదటి వక్త: చిత్రకోటు కడ యాత్రికులను త్రిప్పుటకు దినదినము మోటారు పెట్టదలచినచో, అది ఫోర్‌స్ట్రోకే కావలెనని మీకంటె గట్టిగ నేనందును, చేతితెడ్డే యుండిన మఱియు మేలు. కాని ఏడాదిలో కొద్దిదినములు, నది తానే ఊళ్లను ముంచి తెచ్చుచున్నప్పుడు, ప్రాణము కాపాడు పడవకు ఆ నియమమును వర్తింపజేయకుడు. ఇక కాపుదల మాట: మీరన్నట్లు కవాటమును కాపాడుట సాధ్యమే యనుకొందము. అది ఎట్లు సాధ్యమో చెప్పుడు. తయారీదారుల పుస్తకములు ప్రధానముగ గంటలలెక్కన వ్రాయబడినవి: ఇన్ని గంటలకు నూనె, ఇన్ని గంటలకు ట్యాపెట్లు, ఇన్ని గంటలకు పట్టీ. మన రక్షణపడవ సంవత్సరమునకు వంద గంటలైన తిరుగదు. గంటలు పూర్తికాక, పని జరుగక, స్ప్రింగు మాత్రము ముసలిదగును.

రెండవ వక్త: గంటలలెక్క కాదు, పంచాంగపులెక్క పట్టుమనుచున్నాను. గంటలతోపాటు సంవత్సరముల గడువును ఆ పుస్తకములలో వ్రాసియుందురు. మొదట వచ్చినదానినే పాటింపవలెను. జ్యేష్ఠమాసమునకు ముందే ట్యాపెట్లు చూచి, నూనె మార్చి, గడువు తీరిన పట్టీని, స్ప్రింగులను అవి బాగుగనే యున్నను తీసివేయవలెను.

మొదటి వక్త: బాగుగనే యున్న స్ప్రింగును పారవేయుటకు డబ్బు మంజూరు చేయుమని కాగితము పంపినచో, విరిగినదా యని ప్రశ్న తిరిగివచ్చును. విరుగలేదని వ్రాసినచో డబ్బు రాదు; విరిగినదని వ్రాయుదినమున పడవ నదిలో నుండును. మీ నమ్మకము లోహముమీద కాదు, ఆ కాగితముమీద. నాకు లోహముమీద అనుమానము లేదు, కాగితముమీద నున్నది.

రెండవ వక్త: ఆ కాగితమును గెలువలేనివారు మీకు కావలసిన మంచి టూస్ట్రోకు నూనెను మాత్రము సకాలమున తెప్పింపగలరా? చౌకనూనె పోసినచో మీ రింగులు మసితో అతుక్కొనును.

మొదటి వక్త: తెప్పింపలేకపోవచ్చును. అందుచేతనే నాకు తోచునది, ప్రతి కేంద్రమున రెండు జాతులవానిని ఒక్కొక్కటి యుంచుట. రెండును ఒకే జాతివైనచో ఒకే లోపము, ఒకే నిర్లక్ష్యము, ఒకే రాత్రి రెండింటిని ఆపగలదు. జాతులు వేరైనచో ఒకదానిని చంపిన కారణము రెండవదానిని ముట్టదు.

రెండవ వక్త: వినుటకు ఎంతయో బాగున్నది, కాని గట్టున రెండు క్యానులుండును, ఒకదానిలో నూనె కలిపిన పెట్రోలు, రెండవదానిలో కలుపనిది. చీకటిలో వట్టిపెట్రోలు టూస్ట్రోకులో పోయబడు దినము వచ్చి తీరును. నూనె కలిపినది నా మోటారులో పోసినచో పొగ మాత్రమే వచ్చును; వట్టిది మీ దానిలో పోసినచో పిస్టను పట్టుకొనును. మీ ఉపాయము, మీ యంత్రమునకే ఉరి.

మొదటి వక్త: రెండు క్యానులకును రెండు రంగులు వేసి, రెండింటిలోను నూనె కలిపినదే పోయించెదను. మీ మోటారు పొగ సహించునని మీరే అంటిరి గదా.

రెండవ వక్త: ఒక పూట సహించును. అట్లు నెలలు నడిపినచో, కాలీ కాలని ఆ నూనె మసియై నా ఎగ్జాస్టు కవాటపీఠముమీదనే పేరుకొనును, కవాటము సరిగా కూర్చుండదు. మీరు మీ పిస్టనును రక్షించుకొనుటకు నా కవాటమును అడుగుచున్నారు, అది నేనీయను.